బేరింగు పెట్టె మీద గొడుగు బొమ్మ

ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు దగ్గర్నుంచి చీపురుదాకా అన్నీ ఫోన్‌లోంచే దిగుతున్నాయి. కుర్రవాడెవరో గడపలో పెట్టె పెట్టి, దానికొక ఫోటో తీసుకుని, మనం "ఎవరప్పా" అనేలోపే బండెక్కి మాయమవుతాడు. పెట్టె వచ్చిందని మురిసేవాళ్లు లేరు, రాలేదని బెంగపడేవాళ్లూ లేరు. కంప్యూటర్లో సరుకు కొనడం మా ఉరవకొండకు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో మాత్రం వ్యవహారం ఇంత చప్పగా ఉండేది కాదు. ముందు డబ్బు కట్టాలి, తరవాత దేవుడి మీద భారం వేయాలి. వస్తువు వస్తే నువ్వు మొనగాడివి, రాకపోతే వీధి వీధంతా నీకు బుద్ధి చెప్పేవాళ్లే. నా ఖర్మ కొద్దీ నాకు ఈ రెండూ కాని మూడోది జరిగింది. వస్తువు వచ్చింది, దాన్ని మా ఇంటివాళ్లే వెనక్కి పంపించేశారు. ఆ సంగతి తలచుకుంటే ఇవాళ్టికీ నాకు ముందు చిరాకు వస్తుంది, నవ్వు దాని వెనకాల తీరిగ్గా వస్తుంది.

మేము దూదేకులవాళ్లం. నమాజు మసీదులో, మాట తెలుగులో, బతుకు పెళ్లిపందిళ్లలో. నాయన సన్నాయి వాయించేవాడు, చిన్నాయన డోలు. తాత కాలం నుంచి ఊళ్లో ఎవరింట్లో పెళ్లి జరిగినా, దేవుడు ఊరేగినా, ముందు మా వాళ్లు నడవాల్సిందే. కానీ మా సీమలో సన్నాయికి రెండు రకాల కరువులు. వానలు లేక చెనిక్కాయ పండని ఏడు పెళ్లిళ్లే ఉండవు. పండిన ఏడు పెళ్లివాళ్ల చేతిలో డబ్బాడి అనంతపురం నుంచి బ్యాండు సెట్టు దిగుతుంది. ఎటు తిరిగినా మాకే దెబ్బ. చిన్నాయన డోలును దూలానికి వేలాడదీసి బెంగళూరుకు ఇళ్లు కట్టే బేల్దారి పనికి వెళ్లిపోయాడు. నేను డిగ్రీ ముగించి ఎరువుల దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులు కొట్టే ఉద్యోగంలో చేరాను. (ఊళ్లో అడిగితే "కంప్యూటర్స్‌లో ఉన్నా" అనేవాణ్ణి. దుకాణంలో యూరియా మూటలు దించేటప్పుడు కూడా నేనే ఉండేవాణ్ణని చెప్పేవాణ్ణి కాదు.)

అప్పుడే మా దుకాణం సావుకారి కొడుక్కి పెళ్లి కుదిరింది. నేను రెండు మూడు రోజులు ఆయన చుట్టూ తిరిగి, సన్నాయి మా నాయనకే ఇవ్వమని బతిమాలాను. ఆయన మంచివాడే, కానీ వ్యాపారస్తుడు. విత్తనం కూడా మొలకెత్తించి చూశాకే అమ్మే రకం.

"మీ నాయన సన్నాయి ఈ మధ్య గీపెడతాండాదంటనే అప్పా," అన్నాడు. "మా ఇంటి శుభకార్యంలో అట్లయితే బాగుండదు. పెళ్లికి ముందు రోజు పొద్దున ఒకసారి ఈడికొచ్చి వినిపిచ్చమను. బాగుంటే సరి. లేకుంటే బ్యాండు సెట్టోళ్లకు ఫోన్ కొడతా. నువ్వు మళ్లా మనసులో పెట్టుకోగూడదు."

గీపెడుతున్న మాట నిజమే. తప్పు నాయనది కాదు, పీకది. సన్నాయి మొనకు పెట్టుకుని ఊదే ఆ చిన్న రెల్లు పీక మా ఎండుగాలికి ఆగదు, పెదవి పగిలినట్టు పగిలిపోతుంది. ఏటా జాతరకు తమిళ దేశం నుంచి పీకలు తెచ్చి అమ్మే ముసలాయన రావడం మానేశాడు. నాయన దగ్గర మిగిలింది ఒకే ఒక్కటి, అదీ చీలి దారంతో చుట్టుకున్నది. సావుకారి ఇంట్లో కాదనిపించుకుంటే ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది, ఇక ఎవరూ పిలవరు. "ఒకప్పుడు వాయించేవాడు" అనే మనుషుల్లో నాయన కూడా కలిసిపోతాడు. ఆయన ఈ మాట పైకి అనలేదు. పనిలేని మధ్యాహ్నాల్లో గోడకు ఆనుకుని, పీక పెట్టని ఉత్త సన్నాయి మీద వేళ్లు ఆడిస్తూ కూర్చునేవాడు.

అందుకని రంగంలోకి నేను దిగాను. దుకాణం కంప్యూటర్లో వెతికితే తమిళనాడులో సన్నాయి పీకలు అమ్మే చిన్న దుకాణం ఒకటి కనిపించింది. బొమ్మ చూశాను, పోస్టు ఖర్చుతో సహా డబ్బు కట్టేశాను, గొప్పగా ఉంటుందని నాయన పేరు మీదే తెప్పించాను. ఇంటికొచ్చి చెబితే నాయన పోలీసువాడిలా విచారణ మొదలుపెట్టాడు.

"ఆ మనిషి యాడుంటాడు?"

"తమిళనాడులో నాయనా."

"చూసినావా?"

"లేదు."

"మాట్లాడినావా?"

"లేదు."

"మరి దుడ్లు ఎవురి చేతికిచ్చినావు?"

"ఎవరి చేతికీ కాదు. కంప్యూటర్లో కట్టినా."

నాయన నా వంక చూసి, "సరేలే, చదువుకున్నోనివి," అన్నాడు. మా ఇంట్లో అది మెచ్చుకోలు కాదు.

రోజులు గడిచాయి, పెట్టె రాలేదు. సావుకారికి వినిపించాల్సిన పొద్దు ఇక ఎల్లుండి అనగా, సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా అవ్వ మహా హుషారుగా ఉంది. పెద్ద గుండు చెంబు నిండా ఎసరు పెట్టి సంగటి కెలుకుతోంది. అమ్మ చెనిక్కాయ పీకే కూలికి పోయి ఇంకా రాలేదు. నలుగురు తినే ఇంట్లో ఇంత సంగటి ఎవరికని అడిగాను.

"మీ చిన్నాయన వస్తాండాడు," అంది అవ్వ. "ఆడ బెంగుళూర్లో బాగా వాన పడినాదంట. పని నిలిచిపోయిండాది."

"ఫోన్ చేసినాడా?"

"ఫోన్లో దుడ్లు అయిపోయినట్టుండాయి. బేరింగు పంపినాడు."

నాకు అర్థం కాలేదు. మీకూ అయ్యుండదు కాబట్టి చెబుతాను. మా తాత కరువు కాలంలో బెంగళూరుకు కూలికి పోయినప్పుడు ఆయనకు రాతా రాదు, స్టాంపు కొనే డబ్బూ ఉండదు. ఎవరిచేతనో చిరునామా రాయించి, స్టాంపు అతికించని ఖాళీ కవరు డబ్బాలో వేసేవాడు. అలా వచ్చినదాన్ని బేరింగు అంటారు, తీసుకునేవాళ్లు రుసుము కట్టి విడిపించుకోవాలి. అవ్వ కట్టేది కాదు. కవరును అటూ ఇటూ తిప్పి చూసి, "వద్దుప్పా, తీసుకపో" అనేది. చూడాల్సింది కవరు మీదే ఉండేది మరి. ఒక నిలువు గీత ఉంటే బాగున్నాడు. రెండు గీతలుంటే వస్తున్నాడు. గొడుగు గీసి ఉంటే అక్కడ వాన, పని లేదు. ఆ కాలంలో మా వీధిలో ఇంటింటికీ ఇలాంటి లెక్క ఒకటి ఉండేదట. కాపురాలన్నీ ప్రభుత్వ ఖర్చుతో క్షేమసమాచారాలు తెలుసుకున్నాయి.

"ఆ కవరు ఎట్లుండాది అవ్వా?" అని అడిగాను. అప్పటికే నాకు చెమటలు పడుతున్నాయి.

"కవరు కాదురా, చిన్న అట్టపెట్టె. వాడు ఇప్పుడు సంపాయిస్తాండాడు కదా, పెట్టె పంపినాడు. మీద గొడుగు బొమ్మ ఉండాది. పక్కనే నిలువుగా రెండు బాణాలు. ఇంగేం కావల్ల? మన గడియారం దుడ్లు కట్టమన్యాడు. చూసేదానికి దుడ్లేందిరా, చూసినా కదా, తీసుకపో అన్యా." (గడియారం అంటే మా వీధి పోస్టుమ్యాన్. ఎప్పుడూ టయానికి రాడు కాబట్టి ఆ పేరు.) అవ్వ తెడ్డు ఆపి, గొంతు తగ్గించింది. "ఇంగొక బొమ్మ కూడా ఉండాదిరా. గాజు గలాసు. మీ తాత అట్లాంటిది ఎప్పుడూ గీయలే. వాడు తాగుడు నేర్చినాడేమో. రానీ, అడుగుతా."

తడవనీయకండి, తలకిందులు చేయకండి, జాగ్రత్త అని అచ్చువేసిన గుర్తుల్ని మా అవ్వ అలా చదివింది. చదివి, నాయన పరువును పోస్టుమ్యాన్ సంచిలో వేసి తమిళనాడుకు తిరుగుటపా కట్టించింది. నేను అది పీకల పెట్టె అని ఎంత మొత్తుకున్నా వినదే. "మీ నాయనకు పీకలు కావల్లంటే గొడుగు ఎందుకు గీస్తార్రా?" అని నన్నే ఎదురడిగింది. దానికి జవాబు నా డిగ్రీలో లేదు.

నాయన ఆ రాత్రి పెందలాడే పడుకున్నాడు, ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. పొద్దున నేను లేచేసరికే నల్లమాడలో ఏదో పని ఉందని బస్సెక్కి వెళ్లిపోయాడట. రేపు పొద్దున సావుకారి ముందు వాయించాల్సిన మనిషి ఇవాళ అంతదూరం పోతాడా అని ఆయన మీద కూడా విసుక్కుని, తలుపులు తీసేసరికి పోస్టాఫీసు ముందు నిలబడ్డాను. పోస్టుమాస్టరమ్మ రాజమండ్రి నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చింది. చిన్నావిడే, కానీ నిబంధనలు నోటికి వచ్చు.

"ఆ పెట్టె తిరస్కరించారండి," అంది. "మధ్యాహ్నం సంచిలో వెనక్కి వెళ్లిపోతుంది."

"మేడం, పోస్టు ఖర్చు నేను ముందే కట్టినా. ఆ అమ్మినాయన స్టాంపులు తక్కువ అతికిస్తే నేనేం చేయాల?"

"అది మీరూ ఆయనా తేల్చుకోవాలండి. మాకు రావాల్సింది తక్కువైనదానికి రెట్టింపు."

ఎంత అని అడిగితే చెప్పింది. నలుగురం హోటల్లో టీ తాగితే అయ్యేపాటి డబ్బు. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని వేలితో నా వైపుకే జరిపింది. ఒకసారి వద్దన్నాక ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వడం కుదరదట. పేరున్న మనిషైనా రావాలి, వద్దన్న మనిషైనా వచ్చి మళ్లీ కావాలని చెప్పాలి. పేరున్న మనిషి నల్లమాడ బస్సులో ఉన్నాడు, ఆయనకు ఫోన్ లేదు. వద్దన్న మనిషి ఇంట్లో తన కొడుకు కోసం చూస్తోంది. నేను పోస్టాఫీసు మెట్ల మీదికొచ్చి రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాను. అటుగా వెళ్తున్న గడియారం నన్ను చూసి, "ఏమప్పా, తలనొప్పా? అల్లం టీ తాగు," అని సలహా ఇచ్చి పోయాడు.

దుకాణానికి పరిగెత్తి సావుకారిని గంట సెలవడిగాను. "రేపు మీ నాయన వస్తాడు కదా?" అన్నాడు. వస్తాడన్నాను. "అయితే నీ మొగం ఎందుకట్లుండాది?" అన్నాడు. ఆటో పట్టుకుని ఇంటికి పోయాను. అవ్వను బయల్దేరదీయడం ఊరేగింపు బయల్దేరదీయడం కంటే కష్టం. సర్కారు ఆఫీసుకు పోయేటప్పుడు ఉతికిన చీర కట్టాలంది. కట్టింది. వక్కాకు సంచి కనపడలేదంది. వెతికాను, ఆమె నడుంలోనే ఉంది. ఆటోవాడికి బాడుగ ముందే తేల్చాలంది. నేను తేల్చాను, ఎక్కువన్నది, దిగబోయింది. "ఎక్కవ్వా, నీకు దండం పెడతా," అన్నాను. "పెట్టు," అని కూర్చుంది.

పోస్టాఫీసులో ఆ రోజు పింఛన్ల వరస. అవ్వకు తెలిసినవాళ్లే సగంమంది. వాళ్లందరినీ పలకరించుకుంటూ పోయి, కిటికీ దగ్గర నిలబడి, పోస్టుమాస్టరమ్మను ఎగాదిగా చూసింది.

"బేరింగుకు మా ఇంట్లో ఎవురూ దుడ్లు కట్టలేదమ్మా. మా మామ కట్టలే, నా మొగుడు కట్టలే. నేను కట్టి ఇంటి మర్యాద చెడగొట్టల్లనా?"

నేను నోరు తెరిచాను. కట్టమని కాదు, కావాలని చెప్పమని తీసుకొచ్చాను ఈమెను. పోస్టుమాస్టరమ్మకు ఆ లెక్కంతా ఎవరో వరసలోంచి వివరించారు. ఆమె నొసలు ముడుచుకుంది.

"అలా చూసేసి తిప్పి పంపడం తప్పు కదండీ, అవ్వగారూ. ప్రభుత్వాన్ని మోసం చేయడం కిందికి వస్తుంది."

అవ్వ కొంచెం కూడా తగ్గలేదు. "నీ మొగుడు యాడుండాడమ్మా?"

"రాజమండ్రిలో. ఎందుకు?"

"రాత్రి ఆయప్ప తిని పండుకున్యాడని నీకెట్ల తెలుస్తాది?"

"ఫోన్ ఉంది కదండీ."

"మాట్లాడతాడా, లేకుంటే రెండు రింగులిచ్చి పెట్టేస్తాడా?"

నిమిషానికింత అని ఫోన్‌లో లెక్క కట్టే రోజులవి. అనంతపురం పోయి చేరితే నేను కూడా ఇంటికి ఒక్క రింగిచ్చి పెట్టేసేవాణ్ణి. వరసలో ముందు ఒక ముసలాయన నవ్వాడు, తరవాత అందరూ నవ్వారు. పోస్టుమాస్టరమ్మ తల వంచుకుని రసీదు పుస్తకం వెతకడం మొదలుపెట్టింది. మొహం ఎర్రబడింది కానీ పెదాలు బిగబట్టుకున్నట్టే ఉన్నాయి.

"పెట్టె కావాలా వద్దా, అది చెప్పండి చాలు," అంది చివరికి.

"విప్పి చూపియ్యి. నా కొడుకు పంపింటే తీసుకుంటా."

"డబ్బు కట్టాకే విప్పాలండి."

"చూసినాకే కట్టేది. సంతలో ఎద్దును కూడా పండ్లు చూసే కొంటాం."

అక్కడ మధ్యాహ్నం సంచికి మూతి కడుతున్నారు. నాకు తిక్క రేగింది. "అవ్వా, కావాలని ఒక్క మాట చెప్పు. చెప్పకుంటే నాయన బతుకు పోతాది," అని అరిచాను. అవ్వ నా మొహంలోకి చూసింది. నేను మాట్లాడుతున్నది పెట్టె గురించి కాదని ఆమెకు అప్పుడు అర్థమైనట్టుంది. "కావల్ల," అంది మెల్లగా. "ఇయ్యమ్మా. బిడ్డ ఏడుస్తాండాడు." నేను ఏడవడం లేదు. కానీ ఆ సమయంలో వాదించదలచుకోలేదు. డబ్బు కట్టేశాను. అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుని, "మీ తాత ఉండింటే ఎంత బాధపడేవాడో," అంది.

పెట్టెలో దూది మధ్య నాలుగు పీకలున్నాయి, తెల్లగా, కొత్తగా. అవ్వ వాటిని చూసి, "చిన్నోడు కాదా పంపినాది?" అని డీలాపడింది. నాకు జాలి వేసింది, అంతకంటే ఎక్కువగా గెలిచినట్టనిపించింది. "చూసినావా? గొడుగంటే వాన కాదు," అని ఇల్లు చేరేదాకా ఆటోలో చెబుతూనే ఉన్నాను. ఇంటి ముందు దిగేసరికి అరుగు మీద గుడ్డసంచి పక్కన పెట్టుకుని చిన్నాయన కూర్చుని ఉన్నాడు. పెళ్లికి డోలు వాయించడానికి రేపు రావాల్సినవాడు ఇవాళే ఎందుకొచ్చాడని అడిగాను.

"ఆడ ఒగటే వానరా," అన్నాడు. "పని నిలిచిపోయింది."

అవ్వ నా వైపు చూసిన చూపు గురించి నేను రాయలేను. తరవాత చిన్నాయన దగ్గరికి పోయి, నోరు వాసన చూసి, "తాగుతాండావా?" అని అడిగింది. ఆయన పాపం బిత్తరపోయాడు. ఎవరు చెప్పారు, ఎవరు చెప్పారు అని రెండుసార్లు అడగడంతో సంగతి మరింత చెడింది.

సాయంత్రం నాయన వచ్చాక పీకల్ని పళ్లెంలో పెట్టి, తాంబూలం ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చాను. ఆయన ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "బాగుండాయిరా," అన్నాడు. నానబెట్టాలని చెప్పి, సన్నాయితో సహా తీసుకుని, చిన్నాయనను వెంటబెట్టుకుని దొడ్లోకి వెళ్లాడు. మరునాడు సావుకారి ముంగిట్లో సన్నాయి మోగింది. గీపెట్టడం లేదు, బొంగురు లేదు, నీళ్లు పోసినట్టు సాగింది. సావుకారి కళ్లు మూసుకుని విని, లోపలికి పోయి, బ్యాండు సెట్టువాళ్లకు వద్దని ఫోన్ చేశాడు.

పెళ్లిలో నాయన సన్నాయికి దారంతో గుచ్చి నా నాలుగు పీకలూ వేలాడుతున్నాయి. వాయించేవాళ్లు మార్చుకోవడానికి అలా కట్టుకోవడం మామూలే. ఆయన తల ఊపినప్పుడల్లా అవి లైట్ల వెలుగులో మిలమిలా ఊగాయి. నేను పందిట్లో నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి, గ్లాసు కోసం వచ్చిన ప్రతివాడికీ అవి చూపించాను. "కంప్యూటర్లో తెప్పించినా. తమిళనాడు సరుకు. గొంతు ఎట్ల మారిందో చూడు." దాహంతో వచ్చినవాళ్లు నీళ్ల కోసమైనా తల ఊపారు. ఆ ఏడు నాయనకు ఇంకో అయిదారు పెళ్లిళ్లు వచ్చాయి. అవన్నీ నా ఖాతాలోనే రాసుకున్నాను.

నాయన పళ్లు ఊడి వాయించడం మానేశాక, మొన్నీమధ్య చిన్నాయన మా ఇంటికి వచ్చి, మాటల మధ్యలో ఆ పెళ్లి సంగతి ఎత్తాడు. "ఆ పీకలు మనకు పట్టలేదురా," అన్నాడు టీ ఊదుకుంటూ. "అవి తమిళోళ్ల పొడుగు సన్నాయివి. మనదాంట్లో నిలబడనే లేదు. మీ నాయన అంతకుముందే నల్లమాడకు పోయి ఆడ సన్నాయి వాయించే ఒక ముసలాయన్ని బతిమాలి, ఒక పాత పీక తెచ్చుకున్యాడు. పెండ్లిలో వాయించింది దాంతోనే."

"మరి అవి సన్నాయికి కట్టుకున్నాడు కదా?" అన్నాను.

"నేనూ అడిగినా. పలకనివాటిని ఎందుకు కట్టేది, తీసెయ్ అన్యా. 'వాడు పందిట్లో చూస్తా ఉంటాడు, కనపడనీలే' అన్యాడు."

నాయన పక్కగదిలో పడుకుని ఉన్నాడు. లేపి అడుగుదామా అనుకున్నాను, అడగలేదు. ఆ నీళ్ల డ్రమ్ము పక్కన ఛాతీ విరుచుకుని, తనవి కాని సంగతులకు తాళం వేస్తూ నిలబడిన కుర్రవాణ్ణి పిలిచి నిజం చెప్పాలని కూడా నాకు లేదు. వాణ్ణి ఇంకాసేపు అక్కడే నిలబడనిస్తాను.